కామెరన్ కీటక గ్రంథం - ఒక పరిశీలన

కొత్తవలస వంటి వరి పండే ఊళ్ళలో రాత్రిపూట దీపానికి మూగే పురుగులలో సన్నని నారింజరంగు ఒళ్ళు, నల్లని తల, నడుము మీద నీలిరంగు పెంకు గల పురుగు ఒకటి ఉంటుంది. దానిని మెడ మీద నలిపివేసినవారికి ఒకటి రెండు రోజులలో చర్మం కాలినట్లు పొక్కుతుంది. దాని పేరు పీడరస్. పైరుకు అది శత్రువు కాదు. దోమపోటు తెచ్చే పురుగులను తింటుంది. ఇది స్టాఫిలినిడే అనే కుటుంబానికి చెందిన పెంకుపురుగు. ఈ కుటుంబంలో ఇప్పటికి 60,000కు పైగా జాతులు వర్ణించబడినవి. పెంకురెక్కలు పొట్టివై, కడుపు చాలాభాగం బయటికి కనబడుట వీటి గుర్తు. ఎగిరే రెక్కలు ఆ పొట్టి పెంకుల క్రిందనే మడతలుపడి ఇమిడి ఉంటవి.

మన దేశపు జాతులను తెలుసుకొనుటకు నేటికీ ఆధారం మాల్కం కామెరన్ రచన. 'ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా' గ్రంథమాలలో 1930, 1931, 1932 సంవత్సరాలలో మూడు సంపుటాలు, 1939లో రెండు భాగాలుగా నాలుగవది వెలువడినవి. నౌకాదళ వైద్యుడైన కామెరన్ కొంతకాలం డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో పనిచేసినాడు. కొన్ని మిల్లీమీటర్ల పురుగు తల మీది గుంటలు, పెంకుల పొడవు వెడల్పులు, మగపురుగు కడుపు చివరి నొక్కు - వీటిని ఆయన ఓపికగా వర్ణించిన తీరు మెచ్చదగినది. బొమ్మలు మాత్రం తక్కువ.

అసలు చిక్కు గుర్తింపు పట్టికలలో ఉన్నది. "పెంకులు నలుపా, ఎరుపా?" వంటి ప్రశ్నలకు జవాబు చెప్పుకొంటూ పోతే చివరకు ఒక పేరు దొరుకుతుంది. కాని చేతిలోని పురుగు ఆ గ్రంథంలో లేనిదే అయినా, ఏదో ఒక పేరు దొరకక మానదు! "ఇది ఇక్కడ లేదు" అని చెప్పగల పట్టికను ఎవరూ వ్రాయలేరు.

గ్రంథంలో మాటిమాటికీ ఎదురయ్యే చోట్లు కుమావూ కొండలు, డెహ్రాడూన్ పరిసరాలు, నీలగిరి, సింహళం. కుమావూలో అటవీ అధికారి ఛాంపియన్, నీలగిరిలో ఆండ్రూస్ పురుగులను సేకరించిరి గనుక అట్లు జరిగినది. కొత్తవలస నుండి కిరండూల్ పోయే రైలు మార్గం బొడ్డవర దాటి ఎక్కే అనంతగిరి వాలులకు అంతటి అదృష్టం పట్టలేదు. ఆ అడవులలో రాలిన ఆకులను జల్లెడపట్టి తీసిన పురుగుకు పట్టిక నీలగిరి పేరు పెట్టినచో ఏమగును? కొండ అడవుల స్టాఫిలినిడ్లలో అనేక జాతులకు ఎగిరే రెక్కలు క్షీణించినవి. అట్టి జాతి ఒకే కొండను అంటిపెట్టుకొని ఉండవచ్చును. దానికి ఇంకొక దాని పేరు అంటగట్టిన తరువాత, ఆ కొండ అడవి నరికివేయబడి అది నశించినా, నీలగిరిలో బ్రతికే ఉన్నదని పుస్తకాలు చెప్పుచుండును.

పైకి ఒకే రూపం గల రెండు జాతులను వేరుచేయుటకు ఈనాడు మగపురుగు కడుపులోని జననాంగాన్ని వెలికితీసి సూక్ష్మదర్శిని క్రింద పరిశీలిస్తారు. కామెరన్ వర్ణనలలో సాధారణంగా ఆ భాగం లేదు. ఆ కాలంలో ఆ పద్ధతి తెలియదనుటకు వీలులేదు. షార్ప్, మ్యూర్ అనే శాస్త్రజ్ఞులు పెంకుపురుగుల ఈ అవయవం మీద 1912లోనే విపులమైన పరిశోధన ప్రకటించినారు. ఎన్నో ప్రజాతులను ఒక్కచేతిమీద పూర్తిచేయవలసిన వానికి ప్రతి పురుగునూ కోయుటకు తీరిక లేకపోవచ్చును. ఆ భారం తరువాతివారి మీద పడినది. వర్ణన చాలనప్పుడు వారు లండన్ మ్యూజియంలో ఉన్న కామెరన్ మూల నమూనాలనే చూడవలసివచ్చినది. వర్ణన ఎంత లోపమైనా నమూనా నిలిచి ఉన్నచో దిద్దుకొనవచ్చును. ఆయన నమూనాలను భద్రపరచుట ఈ గ్రంథానికి పెద్ద రక్ష.

ఈ సంపుటాలను వాడుకొనే ఉపాధ్యాయులు పట్టిక చెప్పిన పేరు దగ్గర ఆగక, ఆ జాతి వర్ణన చివరనున్న స్థలనామాన్ని చదువవలెను. అక్కడ ఉన్నది నీలగిరి అయి, సీసాలోని పురుగు అనంతగిరిది అయినచో, చీటీ మీద జాతి పేరు వ్రాయక ఊరు, తేదీ, కొండ ఎత్తు మాత్రమే వ్రాసి ఉంచుట మేలు.