‘క్షమాభిక్ష’ – వలస చర్చలో ఒక పదం చేసే పని

కీలకపదాలు: క్షమాభిక్ష, క్రమబద్ధీకరణ, ఖల్లివల్లి, కఫాలా, గల్ఫ్ వలస

ఉపోద్ఘాతం

సరైన పత్రాలు లేని వలస కార్మికులకు ఏదైనా ప్రభుత్వం వెసులుబాటు ప్రకటిస్తే తెలుగు పత్రికలు దాన్ని ‘క్షమాభిక్ష’ అని రాస్తాయి. 2018 జనవరి చివర కువైట్, అదే ఏడాది ఆగస్టులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, 2020 ఏప్రిల్‌లో తిరిగి కువైట్, 2024 సెప్టెంబరులో మళ్ళీ ఎమిరేట్స్ ఇటువంటి అవకాశం ఇచ్చాయి. ప్రతిసారీ మన వార్తల్లో వినిపించిన మాట ఇదే. మరణశిక్ష పడిన ఖైదీ రాష్ట్రపతికి పెట్టుకొనే అర్జీకీ మనం వాడేది ఈ మాటే. రాజ్యాంగం 72వ అధికరణం కింద ప్రాణం నిలుపుకోజూసే ఖైదీకీ, వీసా గడువు దాటిన తాపీమేస్త్రీకీ ఒకే పదం తగునా అన్నది ఇక్కడ పరిశీలనాంశం.

ఆంగ్లంలో వాడే ‘ఆమ్నెస్టీ’ మరుపు అనే అర్థంగల గ్రీకు మాటనుంచి వచ్చింది. గల్ఫ్ అరబీ వార్తల్లో తరచు కనిపించే ‘ముహ్లా’కు గడువు అని అర్థం, హైదరాబాదు ఉర్దూలోని ‘మొహలత్’ దాని చుట్టమే. తెలుగులో మాత్రం క్షమకు భిక్ష తోడైంది. విగ్రహవాక్యం చెబితే ‘క్షమ అనెడి భిక్ష’. క్షమ అంటే ముందే నేరం రుజువైనట్టు. భిక్ష అంటే పుచ్చుకొనేవాడికి హక్కేదీ లేనట్టు. చర్చ మొదలు కాకముందే తీర్పు సమాసంలో కూర్చొని ఉంది.

దోషం ఎవరిది?

గల్ఫ్ దేశాల కఫాలా పద్ధతిలో కార్మికుడి నివాసానుమతి, అంటే అకామా, యజమాని పూచీమీద నిలుస్తుంది. దాన్ని పునరుద్ధరించవలసినవాడు కఫీలు. చట్టాలు వద్దన్నా పాస్‌పోర్టు అతని బీరువాలోనే ఉండటం పరిపాటి. చెప్పిన పని ఒకటి, చేయించేది మరొకటి అయినా, నెలల తరబడి జీతం రాకపోయినా, పని వదిలి బయటపడిన మరుక్షణం ‘పరారీ’ ముద్ర పడవచ్చు. సౌదీలో దీన్ని ‘హురూబ్’ అంటారు. ‘ఆజాద్ వీసా’ పేరిట సొమ్ము పోసి కొనుక్కున్న వీసాలో పూచీదారు పేరు మాత్రమే నిజం. చూపిన ఉద్యోగం ఉండదు. ఇన్ని చేతులు కలిస్తేగాని ఒక కార్మికుడు పత్రాలు లేనివాడు కాడు. అయినా క్షమ అతనికొక్కడికే అవసరమైనట్టు మన పదం చెబుతుంది.

డబ్బు లెక్కలోనూ ఇదే వైషమ్యం. 2022 చివరినుంచి ఎమిరేట్స్‌లో గడువు మీరిన రోజుకు 50 దిర్హముల జరిమానా. ఏడాదికి 18,250 దిర్హములు. ఆమ్నెస్టీలో కార్మికుడు ప్రభుత్వానికి చెల్లించవలసిన ఈ మొత్తం రద్దవుతుంది. యజమాని కార్మికుడికి చెల్లించవలసిన జీతం బకాయి మాత్రం దానంతట వసూలు కాదు. ఔట్‌పాస్ తీసుకొని విమానమెక్కితే దాన్ని రాబట్టుకొనే దారి దాదాపు మూసుకుపోతుంది. ఇందులో ఎవరు ఎవరికి భిక్ష వేస్తున్నట్టు?

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల గల్ఫ్ కార్మికులకు తమదైన మాట ఒకటుంది: ‘ఖల్లివల్లి’. ‘పోనీలే’ అనే అర్థంలో వాడే అరబీ పలుకుబడి ఇది. కఫీలును వదిలి బయట పని చేసుకొనేవాడికి వీరి నోట పేరైంది. ఈ మాటలో తెగింపు ఉంది, కొంత నిర్లక్ష్యమూ ఉంది. నేరభావన మాత్రం లేదు. మన పత్రికాభాష దీన్ని కొటేషన్ గుర్తుల మధ్య వాడుతుంది. ‘క్షమాభిక్ష’కు ఆ గుర్తులు పెట్టదు.

వెళ్ళడమా, ఉండడమా

పదం దాచే మరో భేదం దేశాల మధ్య ఉంది. గల్ఫ్‌లో ఆమ్నెస్టీ ప్రధానంగా జరిమానా లేకుండా వెళ్ళిపోయే అవకాశం. 2018లో ఎమిరేట్స్ ఉద్యోగం వెదుక్కోవడానికి 6 నెలల వీసా ఇవ్వడం వంటివి దానికి చేర్పులు. అమెరికాలో ఆ మాటకు అర్థం ఉండిపోయే అవకాశం. 1986 నవంబరు 6న రీగన్ సంతకం చేసిన చట్టం, 1982 జనవరి 1కి ముందునుంచి అక్కడ ఉంటున్నవారికీ, కొందరు వ్యవసాయ కూలీలకూ చట్టబద్ధ నివాసం కల్పించింది. సుమారు 27 లక్షలమంది లబ్ధి పొందారు.

ఆ చట్టంపై విమర్శను తేలికగా తోసిపుచ్చలేం. పత్రాలు లేనివారిని తెలిసి పనిలో పెట్టుకొనే యజమానిని శిక్షిస్తామన్న రెండో సగం సరిగా అమలు కాలేదు. తర్వాతి రెండు దశాబ్దాల్లో అటువంటివారి సంఖ్య కోటి దాటిందని స్థూల అంచనా. వరుసలో నిలబడినవారికి అన్యాయం జరుగుతుందన్న వాదన గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి వేచి ఉన్న తెలుగు ఉద్యోగుల నోటా వినిపిస్తుంది. వారి బాధ నిజమే. అయితే ప్రత్యేక నైపుణ్యం అవసరం లేని పనులకు ఆ దేశం ఏటా ఇచ్చే శాశ్వత నివాస వీసాలు, కుటుంబసభ్యులతో కలిపి, 10,000కు మించవు. హోటల్లో గిన్నెలు కడిగేవాడు నిలబడదగిన వరుస ఉందనడం కష్టం. దుబాయి ఆమ్నెస్టీని శుభవార్తగా, అమెరికా ఆమ్నెస్టీని అక్రమంగా తలచే తెలుగువారు ఈ రెండు వరుసల తేడాను గమనించవలసి ఉంది.

ప్రత్యామ్నాయ పదం

స్పెయిన్ 2005లో ఐదున్నర లక్షలమందికి పైగా అనుమతులిచ్చిన ప్రక్రియను ‘సాధారణీకరణ’ అనే అర్థంవచ్చే మాటతో పిలిచింది. తెలుగు అంతదూరం వెళ్ళనక్కరలేదు. అనుమతి లేని లేఅవుట్లకు మనకు ‘క్రమబద్ధీకరణ పథకం’ ఉంది. ప్రభుత్వ భూమిలో కట్టుకున్న ఇళ్ళకు తెలంగాణలో 2014 డిసెంబరు 30 నాటి 58, 59 జీవోలు ఉన్నాయి. 125 గజాల లోపు పేదలకు ఉచితంగా, మిగిలినవారికి రుసుముతో. వాటిని ఎవరూ క్షమాభిక్ష అనలేదు. అనధికార గోడకు క్రమం, అనధికార మనిషికి భిక్ష! క్రమబద్ధీకరణ అనగానే అర్హత ఏమిటి, రుసుము ఎంత, తిరస్కరిస్తే అప్పీలు ఎక్కడ అన్న ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. భిక్ష విషయంలో అవి అడగడం మర్యాద కాదు.

ఈ మాట అన్నిచోట్లా అతకదు. 2018 ఎమిరేట్స్ వీసాకూ, 1986 చట్టానికీ ‘క్రమబద్ధీకరణ’ సరిపోతుంది. 2020 ఏప్రిల్ నాటి కువైట్ ప్రకటనలో క్రమబద్ధమైనదేమీ లేదు. అది జరిమానా లేని నిష్క్రమణ. పత్రిక దాన్ని ఆ పేరుతోనే రాస్తే, ఊళ్ళో వడ్డీ కడుతున్న కుటుంబానికి వస్తున్నది మనిషి మాత్రమేనని, జీతం బకాయి రావడం లేదని శీర్షికలోనే తెలుస్తుంది.