బాలగోపాల్: అసమ్మతికి రెండో ముఖం

రాజ్యాన్ని ధిక్కరించినవాడే అసమ్మతి రచయిత అన్న నిర్వచనం కె. బాలగోపాల్ (1952–2009) విషయంలో చాలదు. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన ఆయన, పౌరహక్కుల సంఘం ప్రధాన కార్యదర్శిగా ఎన్‌కౌంటర్లను ప్రశ్నించి నిర్బంధానికీ, దాడులకూ గురయ్యారు. అయితే విప్లవ హింసను సైతం హక్కుల కొలబద్దతోనే పరిశీలించాలనడం అంతకన్న కఠినమైన అసమ్మతి. అది సహచరులతోనే తలపడటం. ఆ విభేదం నుంచే 1998లో మానవహక్కుల వేదిక ఆవిర్భవించింది. ‘రూపం–సారం’లోని సాహిత్య వ్యాసాలను ఈ వెలుగులో తిరిగి చదవాలి. బాధితుణ్ణి అతని పక్షాన్ని బట్టి తూచరాదన్న హక్కుల సూత్రానికీ, రచనను దాని సిద్ధాంతాన్ని బట్టి మాత్రమే తూచరాదన్న విమర్శ సూత్రానికీ మూలం ఒక్కటే. కనుక ఉద్యమకారుణ్ణి వదిలి విమర్శకుణ్ణి మాత్రమే అధ్యయనం చేస్తే, ఆ విమర్శ చెల్లించిన మూల్యం మనకు కనిపించదు.