ఊరిచిట్టాలో ఊరిమాట

సాధారణముగా విమర్శకు వచ్చు గ్రంథములకు కర్త యుండును, వెల యుండును, అచ్చొత్తినవారి పేరుండును. నేనిపుడు విమర్శింప బూనిన గ్రంథమునకు ఈ మూడును లేవు. దాని నెవరును కొనరు, చదువుకొనుటకు ఇంటికి తెచ్చుకొనరు. అయినను మన దేశమున ఆ గ్రంథము రెండున్నర లక్షలకు పైగా స్థలములలో వ్రాయబడినది. ఏ రెండును ఒక్కటి కాదు, కాకూడదు కూడ. అదియే ప్రజా జీవవైవిధ్య పట్టిక. 2002లో పార్లమెంటు చేసిన జీవవైవిధ్య చట్టము, ప్రతి స్థానిక సంస్థయు ఇందులకై ఒక సమితి నేర్పరచుకొనవలయునని విధించినది. 2004 నాటి నియమములు ఆ సమితి చేయవలసిన ముఖ్యకార్యముగా ఈ పట్టికను చెప్పినవి. ఊరిలో దొరకు చెట్టుచేమలు, పంటలు, పశుపక్ష్యాదులు ఎవ్వి, వానిని గూర్చి ఊరివా రెరిగిన దేమి, మందుగా గాని మరియొక విధముగా గాని వాని నెట్లు వాడుదురు అను సంగతు లన్నియు ఊరివారి నడిగి వ్రాయవలయును.

ప్రతి యూరును తన్ను గూర్చి తానే యొక పుస్తకము వ్రాసికొనవలెనని ప్రభుత్వము కోరుట మన దేశమున మిక్కిలి యరుదు. దీనికి సాటిరాగలది నాకొకటే తోచుచున్నది. పందొమ్మిదవ శతాబ్ది మొదటి దశలలో కర్నల్ మెకంజీ, కావలి సోదరుల సహాయముతో మన గ్రామముల కైఫీయతులను సేకరింపించెను. కరణములు తమకు వచ్చిన తెలుగులో, తమ యూరి చెరువును గుడిని తోపును గూర్చి వ్రాసి యిచ్చిరి. వ్యాకరణ మందు లేదు, శైలి యందు లేదు. కాని రెండువందల యేండ్లు గడచినను చరిత్రకారులు వానిని విడువలేదు. ఈ జీవవైవిధ్య పట్టికలను మరి రెండువందల యేండ్లకు ఎవరైన తెరచి చదువుదురా? విమర్శకుడు వేయదగిన ప్రశ్న యిది.

ముందుగా ఈ గ్రంథము లెట్లు పుట్టినవో చెప్పవలెను. చట్టము వచ్చిన పదునాలుగేండ్లకు, 2016లో, జాతీయ హరిత న్యాయస్థానమున ఒక వ్యాజ్యము పడునాటికి దేశ మంతట సమితులు పదివేలకు లోపు. పట్టికలు రెండువేలైన లేవు. 2019లో ఆ న్యాయస్థానము, 2020 జనవరి 31లోగా పని ముగింపని రాష్ట్రములు నెలకు పదిలక్షల రూపాయల చొప్పున కట్టవలసి యుండునని యాజ్ఞాపించినది. అంతట పట్టికలు వానకాలపు పుట్టగొడుగులవలె లేచినవి. న్యాయస్థానమును నే నాక్షేపింపను. ఆ గద్దింపే లేకున్నచో చట్టము అలమారలో నిదురించియుండెడిది. కాని తప్పుదండుగకు వెరచి వ్రాసిన గ్రంథమున తొందరయే శైలి యగును.

నేను చూచిన పట్టిక సంగారెడ్డి జిల్లాలోని యొక యూరిది. ఊరి పేరు చెప్పను. వ్రాసినవారి దోషము కంటె వ్రాయించిన తీరు దోషము హెచ్చు. అందు వేపచెట్టునకు ఎదురుగా శాస్త్రనామ మున్నది, ఉపయోగ మను గడిలో 'ఔషధము' అని యున్నది, ఈ సంగతి యెరిగినవారెవరను గడిలో 'గ్రామస్థులు' అని యున్నది. తుమ్మకును అదే, ఉత్తరేణికిని అదే. పంటల పుటలో జొన్నకు ఒకే పంక్తి. ఆ పుటను చూచి వచ్చిన సాయంకాలము, రెండవ వీథిలోనున్న యొక ముసలమ్మ అరుగుమీద కూర్చుండి, తా నెరిగిన జొన్నలు నాలుగని నాతో చెప్పెను. ఒకటి రొట్టెకు మేలు; పిండి సాగును, రొట్టె మరునాటికిని మెత్తగా నుండును. ఒకటి పేలాలకు. ఒకటి గింజ తక్కువైనను చొప్ప తీపి, ఎద్దులు కాడవరకు నమలును. నాలుగవది కంకి వంగియుండుటచేత పిట్ట నిలువలేదట. అందుచేత కావలి లేని పేదవారు దానినే చల్లెడివారట. ఈ మాటలు పట్టికలో నేల లేవని యడిగితిని. "నన్నెవరడిగిండ్రు బిడ్డా?" అని యామె నవ్వినది.

ఆ నవ్వులోనే నా విమర్శ యంతయు నున్నది. పట్టికలో జొన్న యున్నది, జొన్న నెరిగిన మనిషి లేదు. విత్తనమును ఒకచోటను దాని మాటను మరియొకచోటను ఉంచినచో రెండును ఎంతకాలము నిలుచును?

ఆ జిల్లాలోనే ఈ ప్రశ్నకు రెండు జవాబు లున్నవి. ఒకే రాజమార్గముమీద డెబ్బది కిలోమీటర్లకు అటునిటుగా దూరములో నుండియు అవి యొకదానిని పోలి యొకటి యుండవు. పటాన్‌చెరువున 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థవారి విత్తన భాండాగారమున 144 దేశముల నుండి వచ్చిన జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యముల మాదిరులు లక్షా యిరువదియెనిమిది వేలకు పైగా గలవు. సున్నకు ఇరువది డిగ్రీలు దిగువనున్న చలిలో అవి దశాబ్దములపాటు చావక నిలుచును. తమ విత్తనములను పోగొట్టుకొన్న దేశములకు ఇచటినుండి మరల విత్తనము వెళ్లినది. దీనిని చులకన చేయువారు అవివేకులు. జహీరాబాదు ప్రాంతమున, 1983లో పుట్టిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని స్త్రీలు, పెక్కుమంది దళితులు, చలియంత్ర మెరుగరు. బూడిదయు వేపాకును కలిపి కుండలలో గాదెలలో గింజ దాచి, నీరులేని ఎఱ్ఱనేలలో ఒకే చేనియందు పది పదునైదు పంటలు కలిపి చల్లుదురు. సంక్రాంతి దినములలో ఎడ్లబండ్లపై విత్తనము లుంచి ఊరూర పాత పంటల జాతర సాగింతురు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి విభాగమువారు వారికి ఈక్వేటర్ బహుమాన మిచ్చిరి.

మొదటిచోట గింజకు సంఖ్య గలదు, రెండవచోట పేరు గలదు. పచ్చజొన్న, తెల్లమల్లె జొన్న అని పలికినంతనే వంటయు పండుగయు వానితో వచ్చును. చలిగదిలోని గింజ తాను వచ్చిననాటి గింజయే. చేనిలోని గింజ ఏటేట కరవును తెగులును చూచి మారుచుండును. పండితులు మొదటిదానిని పరిశోధన యనియు రెండవదానిని ఆచార మనియు పిలుచుట నాకు సమ్మతము కాదు. ఏ గింజ ఏ నేలకు, ఏ వానకు, ఏ కడుపునకు తగునో ఏటేట పరీక్షించి, పనికిరానిదానిని విడిచి, మేలైనదానిని దాచుట పరిశోధన కాక మరేమి?

ఇంత యెరిగినవారి చేతిలోనుండి గింజ యేల జారిపోయెను? ఇచట మనము సర్కారునే కాక మనలను గూడ అడుగుకొనవలెను. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యము పంచ నారంభించినది. అది ఆకలి తీర్చిన పని. దానిని తిట్టుటకు నోరు రాదు. కాని మెట్టపొలముల వారికిని వరియన్నమే పెట్టుటచే జొన్నచేనిని బీడు విడుచుట సులభమయ్యెను. జహీరాబాదు స్త్రీలు 1990ల నడుమ జొన్నలనే చౌకగా పంచుకొను ఏర్పాటు చేసికొనుట దీనికి బదులుగానే. ఇక మన చదువుకొన్న యిండ్లలో జొన్నసంకటి కూలివారి కూడు, రాగిజావ రోగి పథ్యము. పెండ్లివిందులో కొఱ్ఱన్నము వడ్డించిన సంస్కర్తను నేను చూడలేదు. 2023ను ప్రపంచమంతయు చిరుధాన్యముల సంవత్సరముగా జరుపుకొన్న పిమ్మట ఇవి అందమైన సంచులలో మన యింటికి వచ్చినవి, నిజమే. కాని కొఱ్ఱ, సామ, అరికె, ఊద, వరిగ, అండుకొఱ్ఱ అను ఆరు పేర్లను మ్రింగి 'మిల్లెట్లు' అను ఒక్క పేరుతో వచ్చినవి. ధాన్యము తిరిగి వచ్చినది, మాటలు దారిలో పోయినవి.

మాటను వ్రాయుటెట్లో మనకు తెలియని విద్య కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారిని వాడుకభాషా వాదమునకు నాయకునిగా మన మందరము ఎరుగుదుము. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి, కొండలనుండి దిగివచ్చు సవరల మాటను విని, సవరవానినే గురువుగా పెట్టుకొని ఆ భాష నేర్చెను. సవరపిల్లలకు వారి భాషలో వాచకములు వ్రాసెను. 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. మన్యపు జ్వరమునకు క్వినైను సేవించి వినికిడి కోల్పోయెనని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. (ఆయన నేడున్నచో నా యీ గ్రాంథికమును చూచి ఏమనునో నేనెరుగుదును.) ఆయన కొలతతో చూచినచో మన పట్టికల లోపము వెంటనే తెలియును. ఆయన మాటను దానిని పలుకువాని నోటినుండి, పలికినట్లే పట్టుకొనెను. తెలుగో ఇంగ్లీషో ఎరిగినవాడు వచ్చి గడులు నింపిపోవు పట్టికలో సవర ఆకుకు సవర పేరు, కోయ దుంపకు కోయ పేరు ఉండు ననుట కల్ల. ఒకే మొక్క లేతదైనపుడు ఒక పేరును, ముదిరినపుడు మరియొక పేరును గలదైనచో, ఆ రెండు పేర్ల నడుమనే దానిని ఎపుడు కోయవలెనో అను తెలివి దాగియుండును. గడి యొక్కటే యైనచో ఆ తెలివికి చోటు లేదు.

ఇది వట్టి భాషాభిమానపు మాట కాదు, సొమ్ముతో గూడ ముడిపడినది. 1987లో కేరళమున అగస్త్య పర్వతము లెక్కిన శాస్త్రజ్ఞులకు దారిచూపిన కాణి తెగవారు అలసట లేక ఒక పండు తినుచుండిరి. శాస్త్రజ్ఞులు గ్రుచ్చి యడుగగా వారు చెట్టును చూపిరి. అదియే ఆరోగ్యపచ్చ. దానినుండి చేసిన 'జీవని' యను మందును 1995లో ఒక ఔషధశాలకు పదిలక్షల రూపాయలకును, అమ్మకముపై నూటికి రెండు చొప్పున రాయల్టీకిని ఇచ్చిరి. అందులో సగము కాణులకని నిర్ణయించిరి. 1997లో వారికొక నిధిసంఘ మేర్పడినది. కాణులలోనే కొందరు వైద్యులు తమ విద్యను అమ్ముట తగదని ఆక్షేపించిరి. ఈ కథ నిష్కళంకమని నేననను. కాని చెప్పిన వారెవరో తెలిసినందున పంచుట యను మాట యైనను పుట్టినది. 'గ్రామస్థులు' అని వ్రాసినచో ఎవరికి పంచుదురు?

2023 నాటి సవరణతో ఈ చిక్కు మరింత పెరిగినది. 2024 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఆ సవరణ, గ్రంథస్థమైన సంప్రదాయజ్ఞానమును రాష్ట్ర జీవవైవిధ్య మండలికి ముందుగా తెలుపవలసిన నిబంధననుండి తప్పించినది. గ్రంథస్థమనగా 1940 నాటి ఔషధచట్టము మొదటి అనుబంధమున పేర్కొన్న వైద్యగ్రంథములలోనిది. ఆ జాబితాలో మన బసవరాజీయమును గలదు. బసవరాజు సంస్కృతమును తెలుగును కలిపి వ్రాసిన యా గ్రంథముపై నాకు గౌరవము మెండు. అయినను అందలి మూలిక లన్నియు ఆయన ఒక్కడే అడవిలో తిరిగి కనుగొన్నవని నేను నమ్మను. ఎందరు గొల్లలు, చెంచులు, మంత్రసానులు చెప్పగా వినెనో! వ్రాసినవాని పేరు నిలిచినది, చెప్పినవారి పేర్లు పోయినవి. ఇపుడు వ్రాత యైనదానికి ఒక న్యాయము, నోటిలో నున్నదానికి మరియొకటి. ఒకే వేరు రెండుచోట్ల నున్నచో ఏ న్యాయము వర్తించునో తేల్చునది చెప్పినవారి మనుమలు కారు.

ఇంత విన్నవారు, వ్రాసి పెట్టుటయే దొంగలకు దారి చూపుట కాదా యని యడుగవచ్చును. ఈ భయము నాకును గలదు. దాచదగినదేదో చెప్పువారే నిర్ణయింపవలెను. మందు రహస్యమును విడిచి, మొక్క పేరును అది యుండు చోటును మాత్రము చెప్పెదనన్నవారిని అట్లే చెప్పనీయవలెను. కాని జొన్నరొట్టె మరునాటికి మెత్తగా నుండుట రహస్యము కాదు. దానిని వ్రాయకపోవుటకు మన నిర్లక్ష్యము తప్ప వేరు కారణము లేదు.

పట్టికను ఎప్పటికప్పుడు సరిచూచి పెంచవచ్చునని పద్ధతులే చెప్పుచున్నవి. కావున ఆ యూరి సమితిలోని యొకరి యొద్దకు పోయి, ముసలమ్మ చెప్పిన జొన్నలను ఆమె పేరుతో చేర్పుమని యడిగితిని. ఆయన మంచివాడే, అచ్చుపత్రమును త్రిప్పి చూచి, అంత వ్రాయుటకు గడి చాలదనెను. వేరొక కాగితముమీద ఆమె మాటను ఆమె యన్నట్లే వ్రాసి, చదివి వినిపించి, వ్రేలిముద్ర వేయించి, ఆ పుటకు గుండుసూదితో గ్రుచ్చి వచ్చితిని. మరునాడు ఆమె నాకు మూడు చిన్న మూటలు కట్టి యిచ్చెను. నాలుగవది, పిట్ట నిలువలేనిది, తనయొద్ద పోయి చాల యేండ్లైనదట. పొరుగూరిలో తన వదినె యున్నది, ఆమె అటకమీద ఒక కంకి వ్రేలాడుచుండెడిది, పోయి యడుగుమని చెప్పినది.