రెక్క కొసలు ఊడినా ఆగని వాయేజర్

నల్లపాడు చేలల్లో ఆయిల్ ఇంజను నడిపిన రైతుకు డీజిల్ పైపులో ఎయిర్ పడితే ఏమవుతుందో తెలుసు. నూనె అందక ఇంజను ఆగిపోతుంది. రైతు నేలమీద నిలబడి గాలి తీసేసి మళ్లీ తిప్పుకుంటాడు. ఇంధనం అందక ఇంజను ఆగే చిక్కే 1986 డిసెంబరులో, పసిఫిక్ తీరాన గాలిలో ఉన్న వాయేజర్ విమానానికి వచ్చింది.

సొంతంగా విమానం కట్టుకునేవాళ్ల కోసం వేరీఈజీ, లాంగ్-ఈజీ నమూనాలు గీసిన బర్ట్ రూటానే దీన్నీ గీశాడు. ప్రభుత్వ సొమ్ము లేకుండా, కాలిఫోర్నియాలోని మొహావీలో చిన్న బృందం కట్టింది. తేనెపట్టు గడుల కాగితపు పొరకు రెండు వైపులా కార్బన్ పీచు గుడ్డ, రెసిన్‌తో అంటించారు. అలా చేసిన ఒళ్లు బరువు 426 కిలోలే. అది మోసిన ఇంధనం 3,100 కిలోలకు పైమాటే, 17 ట్యాంకుల్లో. రెక్కల పొడవు 33.8 మీటర్లు.

పరీక్షల్లోనే, గాలిలో ఉండగా ప్రొపెల్లర్ రెక్క ఒకటి ఊడిపోయింది. విమానాన్ని క్షేమంగా దించి, అల్యూమినియం ప్రొపెల్లర్లు బిగించారు. డిసెంబరు 14న భూమిని చుట్టి రావడానికి ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం నుంచి బయల్దేరినప్పుడు విమానం రన్‌వే మీద నాలుగు కిలోమీటర్లకు పైగా పరుగెత్తింది; ఆ పరుగులో ఇంధనం బరువుకు వంగిన రెక్కల కొసలు నేలను రాసుకున్నాయి. చివర నిలువుగా ఉండే చిన్న రెక్కలు దెబ్బతిని, గాలిలోకి లేచాక ఊడిపోయాయి. అయినా ప్రయాణం ఆగలేదు.

చివరి రోజు ఇంధనపు పంపు ఒకటి పాడైంది. ఇంధనం అందక వెనక ఇంజను ఆగిపోయింది. విమానం కిందికి జారుతుండగా పైలట్లు డిక్ రూటాన్, జీనా యేగర్, పొదుపు కోసం ఆపి ఉంచిన ముందు ఇంజనును స్టార్ట్ చేశారు. తర్వాత వెనకదీ అందుకుంది. తొమ్మిది రోజుల మూడు నిమిషాల్లో, మధ్యలో ఎక్కడా ఇంధనం నింపకుండా, 40,212 కిలోమీటర్లు చుట్టి డిసెంబరు 23న దిగారు. అప్పటికి ట్యాంకుల్లో మిగిలిన ఇంధనం 48 కిలోలు.

సొంతంగా కట్టిన విమానాల ప్రమాదాలపై అమెరికా రవాణా భద్రతా మండలి 2012లో చేసిన అధ్యయనం ఇంజను శక్తి పోవడాన్ని, విమానం అదుపు తప్పడాన్ని ప్రధాన కారణాలుగా చూపింది. వాయేజర్‌లో ఆ మొదటి గండానికి రెండో ఇంజను ముందే సిద్ధంగా ఉంది. గ్రాము గ్రాము తగ్గించుకుంటూ వచ్చిన చేతులు ఆ ఇంజను బరువును మాత్రం వదులుకోలేదు. ఏది తీసేయాలో, ఏది ఎంత బరువైనా ఉంచాలో తెలిసిన పనితనం అది. విమానం కట్టాలనుకునే మన పిల్లలు వాయేజర్‌లో మొదట చదవాల్సింది ఈ లెక్కనే.