ప్రాంతీయకవియు, పండితప్రచురణమును
(గోలకొండ కవుల సంచికను గూర్చి యొక విమర్శ)

‘ప్రాంతీయకవి’ యను మాట మన సాహిత్యచరిత్రలలో తరచుగా వినవచ్చును. దానిని నిర్వచించి వాడినవారు మాత్రము అరుదు. జన్మస్థలమునుబట్టి ఆ పేరు వచ్చినదందమా, ప్రతికవియు నేదో యొక యూరనే పుట్టును. భాషనుబట్టి యందమా, మహాకవులని మనము కొనియాడువారి కృతులలోను వారి వారి సీమల పలుకుబళ్లు లేకపోలేదు. గుణమునుబట్టి యందమా, చదువని కావ్యమునకు గుణనిర్ణయ మెట్లు? కావున ఈ మాటకు మూలము కవియందు గాక గ్రంథప్రచురణ చరిత్రయందు గలదని నా యభిప్రాయము. దీనిని పరీక్షించుటకు గోలకొండ కవుల సంచిక మిక్కిలి తగిన యుదాహరణము.

నైజాము రాష్ట్రమున తెలుగుకవులు లేరను ఆక్షేపణము పుట్టినప్పుడు, దానికి ప్రత్యుత్తరముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934 లో ఈ సంచికను వెలువరించిరి. ఇందు 354 మంది కవులు పేర్కొనబడిరి. పూర్వకవులును, నాటికి జీవించియున్నవారును, స్త్రీలును ఇందు గలరు. ప్రతాపరెడ్డిగారు వాదమునకు దిగలేదు, సాక్షులను పిలిచిరి. లేరన్న మాటకు ‘వీరుగో’ యని చూపుటకన్న దృఢమైన సమాధానము వేరొకటి లేదు.

అయినను ఆక్షేపించినవారికి ఆ భ్రాంతి యేల కలిగెనో విచారింపవలసియున్నది. ఆనాడు ఆ రాష్ట్రమున రాజభాష ఉర్దూ. 1918 లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధనభాష అదియే. తెలుగువారి విద్యావ్యాసంగమునకు ఆశ్రయముగా 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1906 లో అచ్చటనే విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపితమయ్యెను. కాని యా మండలియే కొలదికాలములో మదరాసునకు తరలిపోయినది. హైదరాబాదున పుట్టిన ప్రచురణసంస్థయే అచ్చట నిలువజాలకపోగా, పల్లెలలో తాటియాకులపై వ్రాసికొన్న కవి గతి యేమని చెప్పవలెను? నీలగిరి, తెలుగు పత్రికలు 1922 లోను, గోలకొండ పత్రిక 1926 లోను వెలువడువరకు ఆ కవుల పద్యము నలుగురి కంటబడు మార్గమే యిరుకు. కవులు లేకపోలేదు; కవులను లోకమునకు చూపు అచ్చుయంత్రములును, పత్రికలును కొరవడినవి.

ఇక సంచికలోని గుణదోషములు. సాక్ష్యమునకు సంఖ్య బలము; కావ్యవిమర్శకు సంఖ్య బలము కాదు. 354 మందికి ఒక్క గ్రంథమున చోటు కల్పింపవలసివచ్చినప్పుడు ఒక్కొక్కరికి దక్కునది కొలది పద్యములే. ఆ కొలదిపాటితో కవియొక్క కథాకల్పన, రసపోషణము, శైలీపరిణామము తెలియరావు. సమర్థులును సామాన్యులును ఒకే పంక్తిని కూర్చుండుటచే సమర్థునకు న్యాయము జరుగదు. ఇది సంపాదకుని లోపము కాదు. ఆయన యెత్తుకొన్న పని యదియే. లోపము ఆయన తరువాతివారిది. ఆయన సాక్షులను నిలిపిపోయెను. మనము వారి వాఙ్మూలమును పూర్తిగా వినక పేర్లు మాత్రము మరల మరల చదువుచున్నాము.

సంపూర్ణగ్రంథము శుద్ధపాఠముతో వెలువడినప్పుడు కవిస్థానమెట్లు మారునో తెలుపు నిదర్శనములు కొన్ని గలవు. మానవల్లి రామకృష్ణకవిగారు 1909 లో కుమారసంభవమును ప్రకటించుట మొదలిడినపిమ్మట నన్నెచోడుడు సాహిత్యచరిత్రలో పెద్ద చర్చకే కారణమయ్యెను. పాల్కురికి సోమనాథుని బసవపురాణము 1926 లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పీఠికతోను, పండితారాధ్యచరిత్రము 1939 లో చిలుకూరి నారాయణరావుగారి సంపాదకత్వమునను ఆంధ్రగ్రంథమాలయందు వెలువడినవి. ద్విపద యని, లక్షణవిరుద్ధప్రయోగములని సోమనాథుని వెనుకకు నెట్టినవారికి ఆపైన కావ్యమును చదివి మాటాడవలసిన యవస్థ యేర్పడినది. గోలకొండ పాదుషాల యేలుబడిలో, పొట్లచెరువు ప్రభువైన అమీనుఖానునకు అంకితమైన యయాతిచరిత్రమును గూడ తలచుకొనవలెను. తొలి యచ్చతెలుగు కావ్యకర్తగా పొన్నికంటి తెలగనార్యుడు తెలుగువారందరికి తెలిసినవాడు. అతనిని ప్రాంతీయకవి యనువారు లేరు. కావ్యము చేతిలోనుండుటయే దీనికి కారణము.

దీనికి విపర్యయమును గమనింపుడు. పోతనామాత్యుని బమ్మెర యోరుగల్లు సీమలోనిదా, ఆయన యొంటిమిట్టవాడా యని పండితులెంతకాలము వివాదపడిరో యెల్లరెరుగుదురు. భాగవతము ఇంటింట నున్నది గనుక ఆ కవి మావాడని రెండుసీమలును పెనగులాడినవి. గ్రంథము వెలుగుచూడని కవినిగూర్చి యట్టి పెనగులాట పుట్టదు. ప్రసిద్ధకవిని పలుప్రాంతములు కోరుకొనును. అముద్రితకవికి మాత్రము ప్రాంతమే బిరుదముగా మిగులును.

2014 లో తెలంగాణ రాష్ట్రమేర్పడిన తరువాత ఆ ప్రాంతపు రచయితలను గూర్చిన సంకలనములును, పునర్ముద్రణములును విరివిగా వెలువడుచున్నవి. ఈ యుత్సాహము హర్షణీయము. కాని వీనిలో ననేకము సంచికామార్గముననే నడచుచున్నవి: కవి పేరు, ఊరు, రచనల పట్టిక, రెండుమూడు పద్యములు. తొలి సంచికకు ప్రత్యుత్తర మీయవలసిన ఆక్షేపణ ముండెను. నేటి సంకలనమునకు ఆ యక్కరలేదు. కావున పండితప్రచురణసంస్థ నుండి మనము కోరవలసినవి వేరు.

మొదటిది, ఎంపిక. పట్టికలోని వారందరును సమానులు కారని యొప్పుకొని, బిరుదురాజు రామరాజుగారు మరుగునపడిన మాణిక్యములని పేరిడి చూపిన త్రోవను, నిజముగా వెలుగుచూడదగిన కృతులను వేరుచేయవలెను. రెండవది, పాఠపరిష్కరణము. లభించిన ప్రతులన్నిటిని పోల్చి, ప్రతి యెచ్చట దొరికినదో, లేఖకుడెవరో తెలిపి, పాఠభేదములను అడుగున చూపవలెను. ఇచ్చట ముఖ్యముగా హెచ్చరింపవలసిన దొకటి గలదు. నిఘంటువులో కానరాని ప్రాంతీయపదమును లేఖకదోషమని తలచి దిద్దుట మనలో చిరకాలపు అలవాటు. అట్లు దిద్దినచో కవిసొత్తునే మనము తుడిచినవారమగుదుము. ఆ సీమలో నేటికిని ఆ పదము పలుకబడుచున్నదా యని విచారించినపిదపనే కలమెత్తవలెను. మూడవది, పీఠిక. అది స్తోత్రము కారాదు. కవి శక్తి యెచ్చట, లోపమెచ్చట, పూర్వకవుల కెంత ఋణపడెను అనునది నిర్మొగమాటముగా చెప్పవలెను. దయతో పొగడుటయు నొకవిధమైన చిన్నచూపే.

పేరులేని కవి గ్రంథమును కొనువారెవరని ప్రచురణకర్తలందురు. అంగడివర్తకుడు ఆ మాట యనవచ్చును, విద్యాసంస్థ యనరాదు. లాభము రాని గ్రంథము నచ్చొత్తించుటకే కదా పండితప్రచురణ యేర్పడినది! 1957 లో నెలకొన్న ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి తన కాలమున పూర్వకావ్యములను పీఠికలతో ప్రకటించి యీ పని సాధ్యమని నిరూపించినది. ఆ యకాడమి నేడు లేదు. దాని బాధ్యత మాత్రము విశ్వవిద్యాలయ శాఖలపైనను, రాష్ట్ర సాహిత్యసంస్థలపైనను నిలిచియున్నది.

తాటియాకు మనకొరకు వేచియుండదు. చెదలును, తేమయు సీమభేదమెరుగవు. సంచికలోని 354 పేర్లలో సంపూర్ణగ్రంథముగా వెలువడదగినవారు పదిమందియే యుండనిండు. ఆ పదిమందిని పరిష్కృతపాఠముతో, నిష్పక్షపాతమైన పీఠికతో వెలువరించినచో, ప్రతాపరెడ్డిగారు 1934 లో పిలిచిన సాక్షుల మాటను మనము విన్నట్లగును. అప్పుడు వారిని ప్రాంతీయకవులనవలసిన పని యుండదు, కవులన్న చాలును.