యాప్ చెప్పని అస్తమయం

తమిళనాడులో నైటీల కుట్టుపనికి పేరుపడ్డ తళవాయిపురంలో పడమటికి తిరిగితే చూపంతా పశ్చిమ కనుమలే. తెలుగిళ్లు పుష్కలంగా ఉన్న రాజపాళయం చుట్టుపక్కల ల్యాండ్‌స్కేప్ ఫొటోలు తీసేవాళ్లకు ఆ కొండను మించిన సబ్జెక్టు లేదు. అంత మొండి సబ్జెక్టు కూడా ఇంకోటి లేదు.

ఫోన్‌లో యాప్ చెప్పే సూర్యాస్తమయం చదునైన నేలకు కట్టిన లెక్క. ఇక్కడ సూర్యుడు అంతకు చాలాముందే శిఖరాల చాటుకు పోతాడు. యాప్‌ను నమ్ముకుని సరిగ్గా ఆ నిమిషానికి ట్రైపాడ్ బిగించేవాళ్లకు దక్కేది నల్లబడ్డ కొండ, వెలిసిపోయిన ఆకాశం.

తెల్లవారుజామున వ్యవహారం వేరు. తూర్పు మైదానం మీంచి వచ్చే తొలి ఎండ ముందు శిఖరాలకు తగిలి, ఆ తర్వాత కిందికి దిగుతుంది. ఈ ఊరు భూమధ్యరేఖకు తొమ్మిది డిగ్రీల పైచిలుకు దూరంలోనే ఉంది కాబట్టి సూర్యుడు ఇంచుమించు నిటారుగా ఎక్కేస్తాడు. మార్చి, సెప్టెంబరు నెలల్లో మొదటి ఆరు డిగ్రీలు ఎక్కడానికి లండన్‌లో సుమారు 40 నిమిషాలు పడితే, ఇక్కడ 25 చాలు. అంత తక్కువ వ్యవధిలో చోటు వెతుక్కుంటూ తిరగడం కుదరదు. చెరువు గట్టా, కొబ్బరితోట సందా, కరెంటు తీగలు అడ్డురాని మలుపు ఏది అన్నది ముందురోజే తేల్చుకోవాలి.

మబ్బు మాత్రం ఎవరి ప్లానులోనూ ఇమడదు. నైరుతి రుతుపవనాలు కేరళ వైపు కుండపోతగా కురిసి, ఇటువైపుకు వచ్చేసరికి చేతులెత్తేస్తాయి. శిఖరం దాటి తొంగిచూసిన మబ్బు దిగుతున్నకొద్దీ గాలి వేడెక్కి, కళ్లముందే కరిగిపోతుంది.

1858లో మదురైని ఫొటోలు తీసిన లిన్నేయస్ ట్రైప్‌కు ఆ మబ్బు దొరికే దారే లేదు. మైనం పట్టించిన కాగితం నెగటివ్‌లను ముందే సిద్ధం చేసుకోవాలి. పైగా నాటి రసాయనాలు నీలికాంతికే ఎక్కువ స్పందించేవి, ఆకాశం ఉత్త తెలుపుగా వచ్చేది. అందుకని ఆయన కొన్ని నెగటివ్‌ల మీద రంగుతో మబ్బులు దిద్దాడు!

1941లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్‌ది మరో కథ. కలిసిరాని రోజు ముగించుకుని కారులో వెనక్కి వస్తుంటే, న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ ఊరి శిలువల మీద చివరి ఎండ, పైన చంద్రుడు. లైట్ మీటరు చేతికి దొరకలేదు. చంద్రుడి వెలుగు చదరపు అడుగుకు 250 క్యాండిళ్లని గుర్తుండబట్టి, ఆ అంకెతోనే ఎక్స్‌పోజర్ లెక్కగట్టి ఒక్కసారి నొక్కాడు. రెండోది తీయబోయేలోపే శిలువల మీద ఎండ పోయింది. ఫొటో అనుకోకుండా దొరికిందే, అంకె మాత్రం ఎప్పుడో నేర్చిపెట్టుకున్నది.

తళవాయిపురంలోనూ చేయగలిగింది అదే. ఐఎస్ఓ 100, ఎఫ్11 పెట్టుకుని, ఎండ తగిలిన రాతిమీద వెలుగు కొలిచి, ఫోకస్ లాక్ చేసేస్తే చేతులకిక పని ఉండదు, కళ్లకే పని. మబ్బు ఎటు ఒరిగితే కెమెరా అటు తిప్పడమే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో ఒక్కోరోజు కొండే కనపడదు. అప్పుడు దానికోసం కాచుక్కూచున్నవాళ్లు ఖాళీ కార్డుతో వెళ్తారు. నీళ్లొచ్చిన చెరువు వైపు, పక్క పొలంలో తిరిగే ట్రాక్టరు వైపు తిరిగినవాళ్లకు ఫొటో దొరుకుతుంది. ఆ గట్టు మీద కాలు జారని చోటేదో వాళ్లు ముందురోజే చూసుకుని ఉంటారు.