శుక్రవారపు పంక్తి

విశ్వవిద్యాలయమును వీడి, కొలువు నిమిత్తము న్యూయార్కు వంటి మహానగరమునకు చేరి, వివాహ మింకను కాక, అద్దెగదిలో కాలము గడపు యూదయువకునకు అమెరికాలో తనదని చెప్పుకొనదగిన తావు చిరకాలము లభింపలేదు. విద్యార్థిదశలో వానికి 1923లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున పుట్టిన, యూదవిద్యార్థుల సంస్థయైన హిల్లెల్ యండగా నుండును. గృహస్థుడైన పిమ్మట బిడ్డల మతవిద్యకై సినగాగు అను యూదుల ప్రార్థనామందిరము వానిని తనవైపు త్రిప్పుకొనును. ఈ రెంటి నడిమి యేండ్లలో వాని నడుగువారు లేకుండిరి.

ఆ లోటును కొంత తీర్చునట్లు 1968లో బోస్టన్ ప్రాంతమున ఆర్థర్ గ్రీన్ ప్రభృతులు హవురాత్ షాలోమ్ అను మండలిని నెలకొల్పి, బల్లల వరుసలకు మారుగా నేలపై దిండ్లు పరచుకొని వలయాకారముగ కూర్చుండి ప్రార్థన సలిపిరి. 2001లో మన్‌హాటన్ పశ్చిమభాగమున ఒక నివాసగృహములో ఎలీ కౌన్‌ఫర్, ఈథన్ టకర్, మారా బెంజమిన్ ఆరంభించిన కెహిలత్ హదార్, సంప్రదాయప్రార్థనను కుదింపక, స్త్రీపురుషులకు సమానాధికార మొసగి, జీతపు మతగురువైన రబ్బీ లేకయే సమస్తమును సభ్యులచేతనే నడిపించినది.

ఇట్టి మండలులకు ప్రాణము, యూదుల విశ్రాంతిదినమైన సబ్బాతునకు నాంది యగు శుక్రవారపు రాత్రి విందు. సూర్యాస్తమయమునకు సుమారు 18 నిమిషములు ముందుగా దీపములు వెలిగింతురు. అటుపై మరునాటి రాత్రి చుక్కలు పొడుచువరకు నిష్ఠాపరులు నిప్పు రాజేయరు, వంట చేయరు, ధనము ముట్టరు. పూర్వము అరణ్యమున ఇశ్రాయేలీయులకు సబ్బాతుకై రెట్టింపుగ కురిసిన మన్నా అను ఆహారమునకు గుర్తుగా రెండు హల్లా రొట్టెలు వస్త్రముక్రింద నుండును. ద్రాక్షారసముపై ఆశీర్వచనమైన వెనుక అందరును చేతులు కడుగుకొందురు. ఆ క్షణము మొదలు రొట్టె విరిచి ఉప్పున అద్దువరకు ఎవ్వరును పెదవి విప్పరు. ఈ ఆచార మెరుగని క్రొత్తవాడు, పలుకరించినను బదులాడని పొరుగువారిని చూచి, తానేదో తప్పు చేసితినని లోలోన క్రుంగిపోవును. నేర్పుగల గృహిణి యీ సంగతిని ముందుగనే, క్రొత్తవాని మొగము చూడక, పంక్తి కంతకును వినబడునట్లు చెప్పివేయును. ఆతిథ్యవిద్యలో ఇంతకంటె సున్నితమైన మెలకువను నేనెరుగను.

ఆ రాత్రి వ్రాతయు నిషిద్ధమే. వచ్చినవాని పేరును కాగితముపై నెక్కించుటకు వీలులేదు గనుక, వాకిట ఆహ్వానించుటకు నిలిచినవారు దానిని మనసులో నిలుపుకొనవలసినదే. మరుసటివారము పేరుపెట్టి పిలువబడిన వాడు మూడవవారము తనంత తానుగా వచ్చును.

ఇక భోజనవిషయము చిక్కైనది. కోషర్ అను యూదుల ఆహారనియమములను అక్షరాల పాటించువాడును, వాని నంతగా పట్టించుకొననివాడును ఒక్కచోట కుడువవలెను. అందరును తలకొక వంటకము తేవలెను. మాంసమును పాలను కలిపి తినరాదు గావున మాంసమును మానివేసి, పెక్కు మండలులవారు రెండు బల్లలు వేయుదురు: కోషర్ ముద్రగల సరుకులతో కోషర్ వంటయింట వండినవి ఒకదానిపై, తక్కిన శాకాహారవంటలు రెండవదానిపై. ఈ బల్ల గరిటె ఆ బల్లకు పోదు. వేర్వేరు బల్లలే గాని పంక్తిభేదము లేదు. వడ్డించుకొని అందరును కలిసియే కూర్చుందురు. నిష్ఠను సడలింపుమని ఒకనిని గాని, నీ వంట పనికిరాదని వేరొకనిని గాని అనక నడచు ఈ యేర్పాటు నాకు మిక్కిలి గౌరవపాత్రముగ తోచును.

అతిథిని ఎల్లకాలము అతిథిగనే యుంచుట వానిని దూరము చేయుటయే యగును. కుర్చీలు సర్దుమని, పాట నెత్తుకొమ్మని, వచ్చువారము నీ యింట విందనియు చెప్పినపుడే వాడు కుదురుకొనును. 2006లో కాలిఫోర్నియాలో ఆరంభమైన మోయిషె హౌస్ అను సంస్థ ఈ సూత్రమునే యాధారముగ చేసికొని, ఇరువది యేండ్లు దాటిన మిత్రులు కొందరు ఒకే యింట కాపురముండి, తమ యీడువారికి విందులు గోష్ఠులు జరుపుటకు ప్రతిగా, అద్దెలో కొంత భాగమును భరించుచున్నది.

ఇట్టి మండలుల ప్రయోజనము విందునాటికంటె దుఃఖమునాడు తెలియును. తల్లినో తండ్రినో కోల్పోయినవారు పదునొకండు నెలలు కద్దీష్ ప్రార్థన పఠింపవలయును. పదిమంది సమకూడనిదే యది పలుకరాదు. కన్నవారి యూరికి దూరముగ నున్న యువతి, పనిదినమున తెల్లవారుజామున, తొమ్మండుగురిని ఎక్కడినుండి తెచ్చుకొనగలదు? స్త్రీని కూడ లెక్కలోనికి తీసికొను ఇట్టి మండలిలో, శుక్రవారపు పంక్తిని తనతో కూర్చున్నవారికే ఆమె కబురంపును. వారు కొలువులకు పోవుటకు ముందు వచ్చి, ఆమె ప్రార్థనకు ఆమేన్ పలికి పోవుదురు.